గండి అంచున కారు ఆపండి
పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కడప జిల్లాలోని నదీ గండ్ల గురించి, అంటే నది కొండను తెంచుకొని పోయిన ఇరుకు చోట్ల గురించి, సొంత కారులో అక్కడికి వెళ్లిరావడం గురించి ఉన్నాయి. ఒకదానికొకటి ముడిపడిన ప్రశ్నలు గనుక వాటన్నిటినీ ఒకేచోట తీసుకుంటున్నాను.

ప్రశ్న: మేము కర్నూలులో ఉంటాము. నాకూ నా భార్యకూ అరవై దాటాయి. కొడుకు, కోడలు, ఎనిమిదేళ్ల మనవడు మాతో వస్తారు. మాది చిన్న కారు. జనం ఇంకా పాడుచేయని, రొద లేని లోయను ఒకసారి చూడాలని కోరిక. ఎవరిని అడిగినా గండికోట అంటున్నారు. అది నిజంగా అటువంటి చోటేనా? మా కారు ఎంతవరకు వెళుతుంది?
— ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: మీ రెండో ప్రశ్నను ముందు తీసుకుంటాను. మీ కారు కోట దాకా వెళుతుంది. జమ్మలమడుగు నుంచి గండికోటకు 15 కిలోమీటర్లు, అంతా తారు రోడ్డే. చిన్న కారుకైనా, అరవై దాటిన డ్రైవరుకైనా అందులో కష్టమేమీ లేదు. ఈ మాటను నేను ఇంత తేలికగా రాయగలుగుతున్నానంటేనే మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టు. కారు సులువుగా చేరే చోటు ఎవరూ ముట్టని చోటుగా మిగలడం మన దేశంలో జరిగే పని కాదు.

పూర్వం ఇక్కడికి రావడం ఇంత సులువు కాదు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650లో ఈ కోటను పట్టుకున్నాడు. 1652లో ఆయనను కలుసుకోవడానికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, పైకి ఎక్కే దారి ఒక్కటేననీ, దాని వెడల్పు ఇరవై ఇరవై ఐదు అడుగులకు మించదనీ, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులే ఉంటుందనీ రాసిపెట్టాడు. కోటకు 12వ శతాబ్దపు మూలాలు చెబుతారు. ఇప్పుడు మనం చూసే కట్టడాలలో మాధవరాయ, రంగనాథ ఆలయాలు విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకుల ఏలుబడిని గుర్తుచేస్తే, జామియా మసీదు ఆ తరువాత వచ్చిన గోల్కొండ పాలనను గుర్తుచేస్తుంది. ఫిరంగులు మోగిన కొండ ఇది. 1791లో మైసూరు యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు దీనిని పట్టుకున్నారు. ఊరు ఇప్పటికీ కోట లోపలే ఉంది. కాబట్టి మనుషులు ఎరగని లోయ అనే ఊహతో బయలుదేరితే మీకు నిరాశే మిగులుతుంది.

ఇంకో సంగతి కూడా ముందే తెలుసుకొని వెళ్లడం మంచిది. కోట కింద కనిపించే పెన్న రెండు ఆనకట్టల నడుమ చిక్కిన నది. ఎగువన గండికోట జలాశయం ఉంది, దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. దిగువన 9.96 టీఎంసీల మైలవరం జలాశయం ఉంది. ఎగువ జలాశయంలో తాళ్ల ప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగి, అక్కడి జనం ఇళ్లూ వాకిళ్లూ వదిలి వచ్చారు. గండిలో నీరు ఈ రోజు నిండుగా ఉందా, రాళ్లు తేలి ఉందా అన్నది వాన ఎంత కురిసిందన్న దాని మీద కన్నా గేట్లు ఎప్పుడు ఎత్తారు, మైలవరంలో నీరు ఎంత నిలిచింది అన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. పైగా 2024లో కేంద్ర ప్రభుత్వం గండికోట పర్యాటకాభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. డబ్బు వచ్చిన చోటికి కట్టడాలు కూడా వస్తాయి. వాటిలో ఎన్ని అవసరమైనవో, ఎన్ని ఫోటోల కోసమో వెళ్లినవారే తేల్చుకోవాలి.

ఇంత చెప్పినా, మీరు వెళ్లాలనే నా సలహా. కోట ఉత్తరపు అంచున నిలబడినప్పుడు ఎదురుగా కనిపించే ఎర్రటి రాతిగోడ మీద రోడ్డు లేదు, మెట్లు లేవు, గుడి లేదు, ప్రకటన బోర్డు కూడా లేదు. దాదాపు 300 అడుగుల లోతున నది మలుపు తిరుగుతుంది. ఆ గోడను పాడుచేయడానికి మనుషులకు ఇంతవరకు వీలు చిక్కలేదు, ఎందుకంటే అక్కడికి చక్రం వెళ్లదు. మీరు వెతుకుతున్న చోటు అదే. దానిని చూడాలంటే మాత్రం కారు దిగి, కొంత నడిచి, కొంతసేపు మాట్లాడకుండా కూర్చోవాలి.

ఇక ప్రయాణం. కర్నూలు నుంచి నంద్యాల, కోయిలకుంట్ల మీదుగా జమ్మలమడుగు చేరుకోవడం మీకు అనుకూలం. దారిలో ఆగే సమయాన్ని కలుపుకొని నాలుగు గంటలకు తక్కువ వేసుకోవద్దు. ఒక్క రోజులో వెళ్లి తిరిగి రావచ్చు గాని అలా చేస్తే సరిగ్గా ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు గండి చూస్తారు. ఆ వెలుతురులో గోడల మడతలు కనిపించవు, అంతా ఒకే పలకలాగా తోస్తుంది. మధ్యాహ్నం ఇంట్లో భోజనం చేసి బయలుదేరి, సాయంత్రానికి చేరి, కోటకు కొద్దిగా ముందే ఉన్న పర్యాటక శాఖ వారి హరిత హోటలులో రాత్రి ఆగి, తెల్లవారుజామున మళ్లీ అంచుకు వెళ్లడం నేను చెప్పగల ఉత్తమమైన పద్ధతి. శని, ఆదివారాలు, సంక్రాంతి సెలవులు తప్పించండి. గది మాత్రం ముందుగానే తీసుకోండి.

కోట ద్వారం ఆనాటి గుర్రాలకూ ఏనుగులకూ కట్టినది, శత్రువు నేరుగా దూసుకు రాకుండా మలుపులు పెట్టి కట్టినది. ఎదురుగా మరో బండి వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి తీయక తప్పదు. అందుకని కారును బయటే ఒక పక్కగా ఆపి నడవండి. లోపల చూడవలసినవన్నీ నడకదూరంలోనే ఉన్నాయి. చివరన అంచు దగ్గర మాత్రం బండల మీద ఎక్కిదిగవలసి ఉంటుంది. మోకాళ్లు సహకరించకపోతే అంతదూరం పోనక్కరలేదు, వెనుక ఉన్న చదునైన బండ మీది నుంచి కూడా గండి బాగానే కనిపిస్తుంది. అంచున చాలా మేర కంచె లేదు. మనవడి చేయి మీ కొడుకు పట్టుకోవాలి, కోడలు ఫోటోలు తీయాలి. ఈ రెండు పనులూ ఒక్కరికే అప్పగించవద్దు.

ప్రశ్న: అనంతపురం నుంచి నలుగురు మిత్రులం వెళుతున్నాము. పైనుంచి చూసి రావడం పెద్ద విశేషం కాదని, కిందికి దిగి నీళ్లలో కాళ్లు పెడితేనే గండికోట చూసినట్టని ఒకరు చెప్పారు. దిగే దారి ఎటువైపు ఉంది?
— ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: ఆ దారి గురించి రాయను. దారి అనదగినది ఏదీ లేకపోవడం ఒక కారణమైతే, రాస్తే రేపు పదిమంది దానిని నమ్ముకొని దిగుతారన్నది రెండో కారణం. గోడ అంచున పేరుకున్న బండలు ఎప్పుడో విరిగిపడి అక్కడక్కడ ఇరుక్కుని ఆగినవే తప్ప, ఎవరో పేర్చిన మెట్లు కావు. దిగేటప్పుడు కాలు పెట్టిన రాయి ఎక్కేటప్పుడు కదలవచ్చు. కింద నీరు నిలకడగా కనిపించినా దాని మట్టం ఎగువ గేట్ల మీద ఆధారపడినదని పై జవాబులో చెప్పాను. నిలిచిన నీరు లోతు తెలియనివ్వదు, పాచి పట్టిన రాయి మీద ఈతగాడికి కూడా పట్టు దొరకదు. పైన సేద తీరడానికి వీలున్నంత మాత్రాన కింద సాయం అందుతుందని కాదు. అక్కడ కాలు విరిగిన మనిషిని పైకి తేవడానికి మీ నలుగురూ చాలరు.

నీళ్లలో కాళ్లు పెట్టాలన్న ముచ్చట పెన్న మీద తీర్చుకోవాలంటే గండికోట దాకా ఆగనక్కరలేదు. మీరు వెళ్లే దారి తాడిపత్రి మీదుగానే గదా. అక్కడ నది ఒడ్డునే బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. గుడి పక్కనుంచి నది పాయను చూసి, అదే నది కొన్ని మైళ్ల దిగువన కొండను ఎలా కోసిందో సాయంత్రం చూడండి. తాడిపత్రి ఆలయాలు కూడా పెమ్మసాని నాయకులు కట్టించినవే. ఆ గోపురాల మీది సన్నని చెక్కడాన్నీ, గండికోట మాధవరాయ ఆలయ గోపురాన్నీ ఒకే రోజున చూసినవారికి ఆ రెండు ఊళ్ల బంధుత్వం ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. తాడిపత్రి నుంచి కొండాపురం, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు చేరవచ్చు.

ప్రశ్న: గండికోటలో మాకు చుట్టూ చూపించిన వ్యక్తి, ఇదంతా గ్రానైటు అని, భూకంపం వచ్చి కొండ రెండుగా చీలితే నది అందులోకి వచ్చిందని చెప్పాడు. అమెరికాలోని గ్రాండ్ కెన్యన్‌తో సమానమని కూడా అన్నాడు. ఇది ఎంతవరకు నిజం?
— ఒక ఉపాధ్యాయురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: మూడు మాటల్లో ఏదీ నిలవదు. అయితే ఆ మనిషిని తప్పుపట్టనక్కరలేదు, గ్రానైటు అనే మాట అచ్చులో కూడా చాలాచోట్ల కనిపిస్తుంది.

అది గ్రానైటు కాదు, క్వార్ట్‌జైటు. గ్రానైటు భూగర్భంలో కరిగిన ద్రవం నెమ్మదిగా గట్టిపడగా ఏర్పడేది. క్వార్ట్‌జైటు మాత్రం ఒకప్పుడు నీటి అడుగున పరచుకున్న ఇసుక. కడప, కర్నూలు, అనంతపురం ప్రాంతాలను కలుపుకొని నెలవంక ఆకారంలో దాదాపు 44,500 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఒక పురాతనమైన పల్లం ఉంది, భూవిజ్ఞానులు దానిని కడప బేసిన్ అంటారు. అందులో పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక, ఒండ్రు, సున్నం పైబరువుకు బిగిసి రాళ్లయ్యాయి. ఈ పొరలకు వాళ్లు పెట్టుకున్న పేర్లు వింటే మన బస్సు స్టాండులో ఉన్నట్టే ఉంటుంది: పులివెందుల క్వార్ట్‌జైటు, దాని పైన తాడిపత్రి పొరలు, వాటి పైన గండికోట క్వార్ట్‌జైటు. తాడిపత్రి పొరల మధ్యకు చొరబడి గట్టిపడిన శిలాద్రవపు పలకల వయసు దాదాపు 189 కోట్ల ఏళ్లని లెక్కకట్టారు. గండికోట రాయి ఆ తాడిపత్రి పొరల పైన పేరుకున్నది గనుక ఆ పొరలకంటే చిన్నది. చిన్నదంటే మన లెక్కలో కాదు, అప్పటికి భూమి మీద చెట్టూ చేపా ఏదీ పుట్టలేదు. గ్రానైటు చూడాలంటే మీ పిల్లలను అనంతపురం వైపు తీసుకువెళ్లండి, అక్కడి గుండ్రటి బండల గుట్టలు ఈ పొరలన్నిటికంటే పాతవి, ఈ బేసిన్‌కు అడుగు వంటివి.

ఇక చీలిక సంగతి. అంచున నిలబడి గోడను పరిశీలిస్తే రెండు రకాల గీతలు కనిపిస్తాయి. అడ్డంగా ఉన్నవి పొరల హద్దులు, నిలువుగా ఉన్నవి రాతి బిగువు సడలిన చోట పడిన సన్నని పగుళ్లు. ఈ రెండూ కలిసి కొండను ఇటుకల పేర్పులాగా దిమ్మెలుగా విడదీశాయి. నది తన వెంట తెచ్చే ఇసుక, గులకరాళ్లు రంపపు పళ్ల మాదిరి అడుగును కోస్తూ పోతే, కింది ఆసరా పోయిన దిమ్మె నిలువు పగులు వెంట విరిగి పడుతుంది. అలా పడిన ప్రతిసారీ వెనుక మళ్లీ నిటారైన గోడే మిగులుతుంది. మెత్తని మన్ను అయితే ఏటవాలుగా జారిపోయి వెడల్పాటి పల్లం అయ్యేది. అందుకే ఇక్కడ లోయ అనే పుస్తకాల మాట కన్నా మన పెద్దలు వాడిన మాటే సరిగ్గా అతుకుతుంది. చెరువుకట్ట తెగితే గండి పడిందంటాము, ఏరు కొండల వరుసను తెంచుకొని పోయిన చోటును కూడా వాళ్లు గండి అనే అన్నారు. తెంచింది భూకంపం కాదు, నీరేనని ఆ మాట పెట్టినవారికి తెలుసు. ఎర్రమల కొండలకు పెన్న కొట్టిన గండి పక్కన ఉన్న కోట కాబట్టి అది గండికోట.

మీ తరగతికి పనికివచ్చే పోలిక ఇంకొకటి ఉంది. గండికోట నుంచి కొలిమిగుండ్ల వైపు వెళితే, నంద్యాల జిల్లాలో బెలుం గుహలు ఉన్నాయి. అక్కడి రాయి సున్నపురాయి. నీరు దానిని కోయదు, కరిగిస్తుంది. కొద్దిపాటి ఆమ్లగుణమున్న వాననీరు పగుళ్ల గుండా దిగి రాతిని లోలోపలే కరిగించుకుంటూ పోగా 3,229 మీటర్ల పొడవైన సొరంగాలు ఏర్పడ్డాయి. సందర్శకులు చూడగలిగినది అందులో సుమారు సగం. 1884లో బ్రిటిష్ భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు, 1982, 83లలో జర్మన్ గుహాన్వేషకులు కొలిచారు. నీరు ఒకటే, కరువు సీమ ఒకటే. రాయి మారితే ఒకచోట ఆకాశానికి తెరుచుకున్న గండి, మరొకచోట నేలకింద చీకటి దారి. రెండూ ఒకే ప్రయాణంలో చూపిస్తే పిల్లలకు మీరు పాఠంలో చెప్పవలసింది పెద్దగా మిగలదు.

గ్రాండ్ కెన్యన్ పొడవు 446 కిలోమీటర్లు, లోతు మైలుకు మించి ఉంటుంది. మన గండి దాని ముందు చెంచాడంత. ఆ పోలిక తెచ్చేవారు గండికోటను పొగుడుతున్నామనుకుంటారు గాని, చూడడానికి వెళ్లినవాడి చేత కొలత వేయించి చిన్నబుచ్చుతున్నారు. కోట గోడ, గుడి గోపురం, మసీదు మినారు, మేకల మంద, వాటి వెనుకనే ఒక్కసారిగా తెగిపోయిన నేల, ఇవన్నీ ఒకే చూపులో ఇమిడే చోటు అమెరికాలో లేదు. ఆ బిరుదు మనకు అక్కరలేదు.

ప్రశ్న: మా అత్తగారికి డెబ్బై ఐదేళ్లు, కర్ర ఊతంతో నడుస్తారు. బండరాళ్లు ఎక్కలేరు. కారు దిగిన చోటనే గండి కనిపించే తావు కడపకు దగ్గరలో ఏదైనా ఉందా? ఆమెకు గుడి కూడా ఉంటే సంతోషం.
— ఒక పాఠకురాలు, కడప

సమాధానం: ఉంది, పేరే గండి. కడప నుంచి వేంపల్లె వెళ్లి అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్లు పోతే పాపాఘ్ని నది శేషాచలం, పాలకొండ శ్రేణిని చీల్చుకొని బయటికి వచ్చే ఇరుకు చోటు వస్తుంది. రోడ్డు నది పక్కనే పోతుంది, వీరాంజనేయస్వామి గుడి ఒడ్డునే ఉంది. గోడలు గండికోటంత నిటారుగా ఉండవు, పచ్చదనం మాత్రం ఎక్కువ. మీ అత్తగారు కారు తలుపు తీసుకొని కూర్చునే రెండువైపుల కొండలనూ చూడగలరు.

ఆమెకు ఆ చోటి కథలు మీకన్నా బాగా తెలిసి ఉండవచ్చు. వాయుదేవుడు ఇక్కడ తపస్సు చేస్తున్నప్పుడు ఆ దారిన వచ్చిన శ్రీరాముడికి స్వాగతంగా రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడని, రాముడు బాణపు మొనతో బండ మీద ఆంజనేయుడి రూపం గీశాడని స్థలపురాణం. ఆ తోరణం ఇప్పటికీ ఉందని, పుణ్యాత్ములకు అంత్యకాలం దగ్గరపడినప్పుడు కనిపిస్తుందని జనం నమ్ముతారు. దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసి, తరువాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రోకు అది కనిపించిందని చెప్పుకుంటారు. ఆయన 1827 జూలై 6న మన కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. కథలో ఒక దొర దొరికితే దానిని జనం వదలరు. అయినా మన్రో పేరు ఇన్ని తరాలుగా ఆ గండిలో ఆంజనేయుడి పక్కన నిలబడడం నాకు మాత్రం ముచ్చటగానే ఉంటుంది.

శ్రావణమాసం శనివారాల్లో వెళ్లవద్దు, ఉత్సవాల రద్దీలో కర్రతో నడిచే మనిషికి చోటు దొరకదు. ఏడాదిలో ఎక్కువ నెలలు పాపాఘ్నిలో ఇసుకే కనిపిస్తుంది. ఆ ఇసుక మెత్తన చూసి, ఫోటో బాగుంటుందని కారును నదిలోకి దించేవారు ఉన్నారు. చక్రాలు కూరుకుపోవడం చిన్న నష్టమే. ఎగువన వాన పడితే ఇక్కడ మబ్బు లేకపోయినా నీరు వస్తుంది, వెలిగల్లు జలాశయం నుంచి నీరు వదిలినా వస్తుంది. 2021 నవంబరు వరదల్లో ఇదే నది కమలాపురం దగ్గర వంతెననే కూల్చేసింది. కారు రోడ్డు మీదే ఉండాలి.

ప్రశ్న: కోట అంచున గుడారం వేసుకొని రాత్రి గడపవచ్చునా? డ్రోను ఎగరేయవచ్చునా?
— ఒక విద్యార్థి, డోన్

సమాధానం: గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. కోట లోపల డ్రోను ఎగరేయాలంటే అనుమతి కావాలి. గుడారాలు కోట బయట, డబ్బు తీసుకొని వేసి ఇచ్చేవారి దగ్గర దొరుకుతాయి. అంచుకు ఆనుకొని వేయించుకోవద్దు, నిద్రమత్తులో లేచే మనిషికి చీకట్లో నేల ఎక్కడ ఆగుతుందో తెలియదు. మీరు అడగలేదు గాని మీ వయసువారు చేసే మరో పని గురించి కూడా చెబుతాను. మాధవరాయ ఆలయ స్తంభాల మీదా, ధాన్యాగారం గోడల మీదా పేర్లు, గుండె బొమ్మలు గీకి ఉన్నాయి. రక్షిత కట్టడాన్ని పాడుచేసినవారికి 1958 నాటి చట్టం కింద, 2010 సవరణ తరువాత, రెండేళ్ల దాకా జైలు గాని లక్ష రూపాయల దాకా జరిమానా గాని రెండూ గాని పడవచ్చు. పైగా అలా గీకినవాడు తన పేరు తానే రాసి సాక్ష్యం ఇచ్చిపోతాడు.

ప్రశ్న: పోయిన మే నెలలో బాడుగ కారులో మధ్యాహ్నం గండికోటకు వెళ్లాము. ఇంజను వేడెక్కి దారిలో ఆగింది, స్టెప్నీలో గాలి లేదు, పాపకు ఎండదెబ్బ తగిలింది. కారు ఇచ్చినవాళ్లు ఫోను తీయలేదు. ఇంకొకసారి వెళ్లాలంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకురాలు, నంద్యాల

సమాధానం: మొదటి జాగ్రత్త నెల. మే నెలలో కడప జిల్లా ఎండ 43, 44 డిగ్రీలు దాటడం మామూలు. ఎర్రరాయి పగలంతా తాగిన వేడిని సాయంత్రం దాకా కక్కుతూనే ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లండి. అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి ఉంటాయి, గండిలో నీరు ఉండే అవకాశం కూడా ఎక్కువ.

బాడుగ కారు తీసుకునేటప్పుడు కాగితాలు చూసినంత శ్రద్ధగా స్టెప్నీని నొక్కి చూడండి, జాకీ, పానా ఉన్నాయో లేదో అడగండి, రేడియేటరులో నీటిమట్టం మీ కళ్లతో చూడండి. ఇంజను వేడి ముల్లు పైకి పోతుంటే వెంటనే ఏసీ ఆపి, బండిని నీడకు తీసి ఆపాలి. వేడి తగ్గకముందు రేడియేటరు మూత తెరవకూడదు, ఆవిరి ఎగజిమ్మి ముఖం కాలుతుంది. మనిషికి మూడు లీటర్ల లెక్కన నీళ్లు, పిల్లలకు పలచని మజ్జిగ ఇంటి నుంచే తీసుకువెళ్లండి. ఉగ్గాని, బజ్జీ దారిలో ఏ ఊళ్లోనైనా వేడిగా దొరుకుతాయి గనుక తిండికి బెంగ లేదు. ఫోను సిగ్నలు అన్నిచోట్లా ఒకేలా ఉండదు, దారి పటాన్ని ముందుగానే ఫోనులో దించుకొని ఉంచండి.

ఈ ప్రాంతపు రోడ్ల మీద గుంతల కన్నా లారీలకు జాగ్రత్తపడాలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల కడప బండల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. బండలు నిలువుగా పేర్చుకొని పోయే లారీ వెనుక అంటిపెట్టుకొని పోవద్దు, మలుపులో దానిని దాటవద్దు. రాత్రిపూట వెనుక దీపం లేని ట్రాక్టర్లు కూడా తగులుతాయి, అందువల్ల తిరుగు ప్రయాణం చీకటి పడకముందే జమ్మలమడుగు దాటేలా పెట్టుకోండి. వెళ్లేటప్పుడే అక్కడ పెట్రోలు నింపుకుంటే, వచ్చేటప్పుడు బంకు కోసం ఆగే పని ఉండదు.